నూడుల్స్ ఉబ్బేలోగా

మా వీధి చివర, బట్టలుతుక్కునే లాండ్రెట్‌కీ కళ్ళజోళ్ళ షాపుకీ మధ్య, ఒక చిన్న రామెన్ హోటల్ ఉంది. హోటల్ అంటే మా అమ్మాయి నవ్వుతుంది. ఈ దేశంలో హోటల్ అంటే పడుకునే చోటే గాని తినే చోటు కాదట. గుంటూరు జిల్లాలో నేను పెరిగిన ఊళ్ళో హోటల్లో తినడమే తప్ప పడుకోవడం ఎవరూ ఎరగరు. సర్వరు మాత్రం మధ్యాహ్నం పూట బల్ల మీద కాసేపు కునుకు తీసేవాడు. సరే, రెస్టారెంటు. నాలుగు బల్లలు, వంటగది కిటికీ ముందు ఆరు ఎత్తు స్టూళ్ళు, గోడ మీద ఎప్పుడూ పది నిమిషాలు వెనకుండే గడియారం. ఇంగ్లండులోని ఈ లెస్టర్‌లో మేముండే పేటలో ఏ మలుపు తిరిగినా సమోసాలు దొరుకుతాయి. వాటి మధ్య ఈ జపాన్ వంట ఎలా నిలదొక్కుకుందో నాకు తెలియదు. నేనెలా నిలదొక్కుకున్నానో కూడా తెలియదు గనక ఎక్కువ ఆలోచించను.

వండేది జపాన్ నుంచి వచ్చిన పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. ఇంగ్లీషు నాకంటే తక్కువ మాట్లాడతాడు, అలాంటివాళ్ళు ఈ ఊళ్ళో అరుదు గనక ఆయనంటే నాకు మొదటి నుంచీ అభిమానం. వడ్డించేది ఆయన భార్య. ఇక్కడే పుట్టి పెరిగిన ఇంగ్లీషావిడ. వచ్చినవాళ్ళందర్నీ "మీ డక్" అంటుంది, మై డక్ అన్నట్టు, నా బాతూ అని. ఈ ఊళ్ళో అది ముద్దు పిలుపు. పనిలో చేరిన కొత్తలో కేర్ హోమ్‌లో ఒక ముసలావిడ నన్నలా పిలిస్తే నా నడక గురించి అనుకున్నాను.

అక్కడ మా ఊళ్ళో నేను తెలుగు మాస్టారిని. ఇక్కడ మా ఆవిడ నర్సు, నేను ఆవిడ వీసా కొంగు పట్టుకుని వచ్చినవాణ్ణి. కేర్ హోమ్‌లో పెద్దవాళ్ళకి తినిపించడం నా పని. పిల్లలకి పద్యాలు మింగించిన చేత్తోనే పెద్దలకి సూపు తాగిస్తున్నాను. రెండింటికీ సూత్రం ఒకటే. నోట్లో ఉన్నది గొంతు దిగాక గాని తర్వాతి చెంచా పెట్టకూడదు.

శుక్రవారం మా ఆవిడకి ఆస్పత్రి డ్యూటీల రోటాలో లాంగ్ డే. పొద్దున్న వెళ్ళిన మనిషి మేం పడుకోబోయే వేళకి వస్తుంది. నా షిఫ్టు మూడింటికి అయిపోతుంది. మా అమ్మాయికి పదిహేడేళ్ళు, కాలేజీ అయ్యాక లైబ్రరీకి వెళ్ళి బస్సులో వస్తుంది. వారమంతా మేం ముగ్గురం ఫ్రిజ్ మీద అంటించిన చీటీలతో కాపురం చేస్తాం. ఒకసారి నేను వండిన బెండకాయ పులుసు చూసి మా అమ్మాయే అంది, శుక్రవారాలు బయట తిందామా అని. అలా మొదలైంది. వారం మొత్తం మీద నేను మా అమ్మాయికి ఎదురుగా కూర్చుని తినే భోజనం అదొక్కటే. మిగతావన్నీ పుస్తకాల ముందు కూర్చున్న ఆమె వీపు చూస్తూ తినేవి.

మాది ప్రార్థన చెయ్యందే ముద్ద ముట్టని ఇల్లు. మా నాన్న చేసేవాడు, ఇప్పుడు నేను చేస్తాను. చివర్న అందరూ ఆమెన్ అనాలి. ఏడాదిగా మా అమ్మాయి అనడం లేదు. వాదన లేదు, అలక లేదు. నేను ముగించగానే చెంచా తీసుకుంటుంది, అంతే. మాస్టారి అలవాటు పోదు గదా, హాజరు పిలిచినప్పుడు పలకని పిల్లని గమనించినట్టు ప్రతి పూటా గమనిస్తూనే ఉన్నాను. అడగలేదు. అడిగితే ఎందుకు అనడం లేదో చెబుతుందని భయం.

మొదటి శుక్రవారం రెండు గిన్నెలు వచ్చాయి. చారులో నూడుల్స్, వాటి మీద కోడి ముక్కలు, సగమే ఉడికిన గుడ్డు, ఉల్లికాడలు, పక్కన నిలబెట్టిన నల్లటి నాచు రేకు. చారు అనకూడదు డాడీ, బ్రాత్ అనాలి, అంది మా అమ్మాయి. రామెన్‌కీ ఆమెన్‌కీ ప్రాస బాగా కుదిరిందని నేనన్నాను. ఆ మాట ఇంకోసారి అంటే లేచి వెళ్ళిపోతానంది. ఆవిరి నా కళ్ళజోడుని కమ్మేసింది. ఎలాగూ ఏమీ కనబడటం లేదు గనక కళ్ళు మూసుకున్నాను.

"ప్రేమా కనికరమూ గల మా పరలోకపు తండ్రీ" అని మొదలుపెట్టాను. స్తోత్రాలయ్యాయి. రోగులయ్యారు. ప్రయాణాల్లో ఉన్నవాళ్ళు, పరీక్షలు రాస్తున్నవాళ్ళు, ఇల్లు దొరకని మాస్టర్స్ స్టూడెంట్లు, రోటా రాసే మేనేజర్లకి మెత్తటి మనసు, అన్నీ అయ్యాయి. "అడిగి వేడుకొంటున్నాము తండ్రీ, ఆమెన్" అని కళ్ళు తెరిచేసరికి కళ్ళజోడు మీద ఆవిరి లేదు. బల్ల పక్కన పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"సారీ" అని ఆయన రెండు గిన్నెలూ ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మన ప్రార్థన ఆయనకి నచ్చలేదు కాబోలనుకున్నాను. లేచి వెళ్ళాలా, కూర్చోవాలా తెలియలేదు. మా అమ్మాయి మెనూ కార్డుని ముఖానికి అడ్డం పెట్టుకుంది. నాలుగు నిమిషాలకి ఆయన రెండు కొత్త గిన్నెలు తెచ్చి మా ముందు పెట్టాడు. వేలితో గిన్నెని చూపించాడు, తర్వాత నా నోటిని చూపించాడు.

"నౌ" అన్నాడు.

ఇన్నేళ్ళలో నాకు ఎన్నో ప్రసంగాలు చెప్పారు. ఇంత క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు. తిన్నాను. నాలిక కాలింది. చాలా బావుంది.

తర్వాత వడ్డించే ఆవిడ వచ్చి విషయం చెప్పింది. "ఏమీ అనుకోకు మీ డక్. నూడుల్స్ అలా వదిలేస్తే బ్రాత్ అంతా తాగేసి ఉబ్బిపోతాయి. టైమరు పెట్టి మరీ వండుతాడు గదా, కళ్ళముందు అవి ఉబ్బుతుంటే చూడలేడు. పక్క బల్లవాళ్ళు ఫోటోలు తీసుకున్నా అంతే."

వచ్చే వారం నుంచి కుదిస్తాననుకున్నాను. కుదరలేదు. నా ప్రార్థన కూడా ఆ నూడుల్స్ లాంటిదే, ఉన్నచోట ఉబ్బుతుంది. ఆదివారాలు మా తెలుగు ఫెలోషిప్ అద్దెకి తీసుకునే హాల్లో నేను ప్రార్థనకి లేస్తే ఆంటీలు బిర్యానీ గిన్నె మీద రెండో మూత పెడతారు. అది నా మీద గౌరవమని చాలాకాలం అనుకున్నాను. అసలు చిక్కు ఏమిటంటే, ఎవరైనా "మాకోసం ప్రార్థన చెయ్యండి అంకుల్" అంటే ఆ మాట జాబితాలో చేరుతుంది. చేర్చడం తేలిక. తీసెయ్యడం ఎలాగో ఎవరూ చెప్పలేదు. ఫలానావారి మోకాలు నయమైందని నాకు ఖాయంగా తెలిసేదెలా? నేను ఆపిన మర్నాడే తిరగబెడితే?

"మన వీసా వచ్చి చాలా ఏళ్ళయింది డాడీ" అంది మా అమ్మాయి ఒక శుక్రవారం. "నువ్వింకా అడుగుతూనే ఉన్నావు. ఇచ్చాను గదయ్యా అనుకుంటాడు దేవుడు."

ఇంగ్లీషులో అంది. ఆమెకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం లెస్టర్ యాసలో వస్తుంది. నేనిక్కడ తెలుగు చేసి రాస్తున్నాను గనక అందులోని విసురు కొంత తగ్గింది. తగ్గడమే నాకూ కావాలి.

అలా కొన్ని వారాలు నడిచింది. పెద్దాయన నా మీద ఒక కన్నేసి ఉంచేవాడు. నేను వేగం పెంచేవాణ్ణి. రోగుల్నీ ప్రయాణికుల్నీ ఒకే వాక్యంలో ఎక్కించి, బస్సు కదిలిపోతున్నట్టు ముగించేవాణ్ణి. నూడుల్స్ కాస్త ఉబ్బేవి, ఆయన కాస్త నిట్టూర్చేవాడు. అంతవరకు బాగానే ఉంది.

వ్యవహారం చెడిన శుక్రవారం నాడు కిటికీ ముందు స్టూళ్ళ మీద మా అమ్మాయి కాలేజీ పిల్లలు ముగ్గురు కూర్చుని ఉన్నారు. తెలుగువాళ్ళు కారు. చేతులూపుకున్నారు, మేం మా బల్ల దగ్గర కూర్చున్నాం. గిన్నెలొచ్చాయి. తెలుగు ఎవరికీ తెలియదు గదా అన్న ధీమాతో గొంతు కూడా తగ్గించకుండా ప్రార్థన మొదలెట్టాను. మా బిడ్డ డ్రైవింగ్ టెస్ట్ సెకండ్ టైమ్ కూడా ఫెయిలైంది ప్రభువా, థర్డ్ అటెంప్ట్‌లో దయచూపు. బయాలజీ మాక్ ఎగ్జామ్‌లో వచ్చిన డి గ్రేడ్‌ని జ్ఞాపకం చేసుకో. ఫేస్ మీద యాక్నెకి జీపీ డాక్టర్ రాసిచ్చిన క్రీమ్‌ని దీవించు.

స్టూళ్ళవైపు నుంచి ముక్కుతో ఆపుకున్న నవ్వొకటి వినబడింది.

అప్పుడు అర్థమైంది, పాతికేళ్ళు తెలుగు చెప్పినవాడి ప్రార్థనలో తెలుగు ఎంత మిగిలిందో. భక్తి నాది, విభక్తులు తెలుగువి, మిగతాదంతా ఇంగ్లీషు. ఆ పిల్లలకి కి, లో, ని తప్ప అంతా తెలిసింది.

మా అమ్మాయి లేచి వెళ్ళలేదు. తలొంచుకుని గిన్నెలో చుక్క మిగలకుండా తింది. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. ఇంటి తలుపు దగ్గర బూట్లు విప్పుతూ, "వచ్చే వారం నుంచి నువ్వెళ్ళు డాడీ. నేను రాను" అంది. కోపంగా కూడా అనలేదు. డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ మార్చుకున్నట్టు అంది.

మర్నాడు టీ తాగుతూ మా ఆవిడకి చెప్పాను.

"పిల్ల మొహం మీద మొటిమల గురించి దేవుడికి మైకులో చెప్పారా?" అంది.

"మైకేం లేదు."

"మీ గొంతుకి మైకెందుకండీ. నేను వార్డులో మందులిచ్చేటప్పుడు ఒక్కో బెడ్ దగ్గర మూడు ముక్కలనుకుంటాను, లోపల. అంతకన్నా టైముండదు. ఆయన వినట్లేదా ఏంటి?"

ఆవిడ పేషెంట్లు తొందరగానే ఇళ్ళకి వెళుతున్నారు.

ఆ తర్వాత రెండు శుక్రవారాలు ఒక్కణ్ణే వెళ్ళాను. వెళ్ళకపోతే ఆ బల్ల పోతుందేమో అనిపించింది. మొదటి వారం వడ్డించే ఆవిడ రెండు జతల చాప్‌స్టిక్స్ పెట్టి, కాసేపాగి ఒక జత తీసేసింది. "పాపకి పరీక్షలు" అన్నాను. అబద్ధం. గిన్నె రాగానే కళ్ళు మూసుకున్నాను. రెండు వాక్యాల్లో అయిపోయింది.

ఆశ్చర్యమేసింది. కుదించాలని అన్ని వారాలు తంటాలు పడితే కుదరని ప్రార్థన, ఎదురుగా ఎవరూ లేకపోయేసరికి దానంతటదే కుదిరింది. నూడుల్స్ వేడిగా, గట్టిగా, పెద్దాయన కోరుకున్నట్టే ఉన్నాయి. ఆయన కిటికీలోంచి మెచ్చుకోలుగా తలూపాడు కూడా. నేను మాత్రం ఆలోచనలో పడ్డాను, రెండో వారం గిన్నె ఖాళీ అయ్యేసరికి తేలింది. అంటే ఇన్నాళ్ళూ సగం ప్రార్థన దేవుడికైతే, మిగతా సగం మా అమ్మాయికన్నమాట. నీ టెస్ట్ గురించి నాకు దిగులుగా ఉంది, నువ్వు అద్దంలో చూసుకుని ముఖం తిప్పుకోవడం చూశాను, అని ఆమెతో అనలేనివన్నీ ఆయనకి చెబుతున్నట్టు చెప్పి ఆమె చెవిన వేస్తున్నాను. దేవుణ్ణి నేను చీటీలంటించే ఫ్రిజ్ చేశాను.

మూడో శుక్రవారం మధ్యాహ్నం ఆమెకి మెసేజ్ పెట్టాను. 'లోపల ప్రార్థన ఉండదు. మొత్తం బయటే చేసేసి వస్తాను. ఆరింటికి వస్తావా?' చూసినట్టు రెండు గుర్తులు నీలమయ్యాయి. జవాబు రాలేదు.

మాటంటే మాటే. ఆరుకి పావుగంట ముందు రెస్టారెంటుకి ఎదురుగా ఉన్న బస్ స్టాప్ షెల్టర్ కింద నిలబడ్డాను. సన్నగా జల్లు పడుతోంది. గొడుగు మడిచి కళ్ళు మూసుకున్నాను. ఉబ్బడానికి అక్కడ ఏమీ లేదు గనక తీరిగ్గా, వరసగా, ఒక్కరినీ వదలకుండా మొదలుపెట్టాను. రోగుల దగ్గరకొచ్చేసరికి ఏదో బరువైనది బుస్సుమని నా ముందు ఆగింది.

"ఎక్కుతున్నావా లేదా, మేట్?"

కళ్ళు తెరిచాను. బస్సు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. డ్రైవరు నన్నే చూస్తున్నాడు. కిటికీల వెనక వరసగా ముఖాలు. తలుపు మెట్టు మీద బ్యాగు భుజాన వేసుకుని మా అమ్మాయి.

"మా డాడీయే. సారీ" అని డ్రైవరుకి చెప్పి దిగింది. బస్సు వెళ్ళిపోయింది.

"వానలోనా?" అంది.

"షెల్టర్ ఉందిగా తల్లీ."

"బస్సంతా నిన్నే చూసింది."

"కళ్ళు మూసుకున్నాను. నాకెలా తెలుస్తుంది?"

ఆమె షెల్టర్‌లో వాలుగా ఉన్న ఎర్ర బెంచీకి ఆనుకుంది. "ఎంతవరకు వచ్చావు?"

"రోగులు."

"ఇంకా రోగులేనా?"

"ఇప్పుడే మొదలెట్టాను."

ఆమె నవ్వలేదు గాని పెదవి ఒక పక్కకి పోయింది. మా ఆవిడకి కూడా అలాగే పోతుంది. "ఎవరెవరున్నారు, చెప్పు" అంది.

చెప్పాను. పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఆమె ఒక్కొక్కటే విని తీర్పు చెప్పింది. వీసా? "థాంక్స్ చెప్పి తీసెయ్." మోకాలి ఆపరేషన్ చేయించుకున్న అంకుల్? "ఆయన బాడ్మింటన్ ఆడుతున్నాడు డాడీ. నేను చూశాను. తీసెయ్." ఇల్లు దొరకని స్టూడెంట్లు? "పాత బ్యాచ్ తీసెయ్, కొత్త బ్యాచ్ ఉంచు." కేర్ హోమ్‌లో మొన్న చలికాలంలో చనిపోయిన ముసలావిడ పిల్లి?

"పిల్లి కూడానా?"

"ఆవిణ్ణి తీసుకొచ్చినప్పుడు పిల్లిని ఎవరింట్లోనో వదిలారు. ఎవరింట్లోనో ఎవరికీ తెలియదు. రోజూ అడిగేది, దానికి తిండి పెట్టారా అని. పెట్టారనే చెప్పేవాణ్ణి. ఆవిడ పోయాక..."

"పిల్లి ఉండాలి" అంది.

"మరి నువ్వు?"

"నేను తీసెయ్."

"నిన్నెలా తీసేస్తాను?"

"లోపల అనుకో. నాకు వినిపించాలనుకున్నది నాకు చెప్పు. ఆయనకి చెబుతున్నట్టు నాకు వినిపించకు. అది..." ఆమె మాట కోసం వెతికింది. "అది చీటింగ్."

నేను కనిపెట్టడానికి రెండు గిన్నెల రామెన్ పట్టిన విషయం ఆమెకి ముందే తెలుసు.

"టెస్ట్ గురించి నాకు భయంగా ఉంది" అన్నాను.

"నాకూ" అంది. ఆ ఒక్క మాట తెలుగులో అంది.

జల్లు కొంచెం పెద్దదైంది. ఆమె నా చేతిలో గొడుగు తీసుకుని విప్పింది. "రా. లోపలే చెయ్యి. బస్ స్టాప్‌లో వద్దు. కాని బౌల్ రాకముందే."

లోపలికి వెళ్ళగానే ఆమె వడ్డించే ఆవిడతో ఏదో చెప్పింది. ఆవిడ నావైపు చూసి, వంటగదిలోకి వెళ్ళి పెద్దాయనతో చెప్పింది. ఆయన చేతులు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించాడు. తర్వాత రెండు గిన్నెల్లో పోయాల్సిన బ్రాత్‌ని పొయ్యి మీదే ఉంచి, నూడుల్స్ వేసిన వైరు బుట్టలు రెండు చేతులా పట్టుకుని, మరిగే నీళ్ళ మీద ఆపి, కిటికీలోంచి మమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు. ఆయన చేతిలో బుట్టలున్నాయి, నా చేతిలో ఆయన చేతులున్నాయి. అంతటి బాధ్యత నాకు ఫెలోషిప్‌లో కూడా ఎప్పుడూ ఇవ్వలేదు.

కళ్ళు మూసుకున్నాను. వీసా ఇచ్చినందుకు స్తోత్రం చెప్పి మూసేశాను. రోగులు సగమయ్యారు. కొత్త బ్యాచ్ స్టూడెంట్లు. ఆ పిల్లికి ఎవరో ఒకరు ఇంత పెడుతూ ఉండాలి తండ్రీ. నిజంగా అక్కడితో ఆపేద్దామనే అనుకున్నాను. కాని నోరు అలవాటైన దారి పట్టింది. "ఇంకా, ప్రభువా, మా బిడ్డ థర్డ్..."

"ఆమెన్" అంది మా అమ్మాయి.

గట్టిగానే అంది. పక్క బల్లకి వినబడేంత గట్టిగా, వంటగదికి వినబడేంత గట్టిగా. బుట్టలు నీళ్ళలో పడిన చప్పుడు వినబడింది. టైమరు నొక్కిన చప్పుడు వినబడింది. నేను అడిగి వేడుకొంటున్నాము తండ్రీ అననే లేదు. ఏడాదిగా నేను ఎదురుచూసిన మాట నా నోరు మూయించడానికి వచ్చింది. అయినా హాజరు వేసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి ఆమె చాప్‌స్టిక్స్ జత విడదీస్తోంది, నావైపు చూడకుండా. నా దగ్గర ఆ ప్రాస జోకు సిద్ధంగా ఉంది. నోటి చివర దాకా వచ్చింది కూడా. మింగేశాను.

గిన్నెలొచ్చాయి. ఆవిరి కళ్ళజోడుని కమ్మేసింది. ఎదురుగా ఏమీ కనబడలేదు గాని, ఆమె అక్కడే ఉందని గొంతు చెప్పింది.

"నౌ, డాడీ."